రంగు కింద పూత: చెక్క లూర్‌లోకి నీరు ఎక్కడ దూరుతుంది, దాన్ని ఏది ఆపుతుంది

లూర్ అంటే చేపల్ని పట్టడానికి చిన్న చేప ఆకారంలో చెక్కి రంగు వేసే ఎర. రంగు బుడగ కట్టి లేచిపోయిన చెక్క లూర్‌ని చూసి చాలామంది ముందు రంగునే తిడతారు. ఆ తర్వాత రంగు పైన వేసిన పారదర్శకమైన క్లియర్ కోట్‌ని తిడతారు. చాలాసార్లు ఆ రెండింటి తప్పూ ఉండదు. నీరు చెక్క వైపు నుంచి వచ్చి రంగుని పైకి నెట్టేసి ఉంటుంది. పొలుసుల డిజైన్ గురించి గంటల కొద్దీ మాట్లాడేవాళ్లు సీలర్ దగ్గరికి, అంటే రంగుకి ముందు చెక్క మీద వేసే పూత దగ్గరికి, వచ్చేసరికి ‘ఏదో ఒకటి పూసెయ్’ అని తేల్చేస్తారు. తేల్చనివాళ్లు కొట్లాడుకుంటారు. ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) తప్ప ఏదీ పనికిరాదని ఒకరు, లిన్సీడ్ ఆయిల్‌లో (అవిసె గింజల నూనెలో) నానబెడితే చాలని ఇంకొకరు, సూపర్ గ్లూకి మించింది లేదని మరొకరు. ముగ్గురి లూర్లూ శుభ్రంగా ఈదుతూనే ఉంటాయి. కొత్తగా చేతికి చాకు పట్టినవాడికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

ఈ తగువు తెగకపోవడానికి కారణం ఉంది. సీలర్ చేత మనం చేయించుకునే పని ఒకటి కాదు, మూడు. నీటిని లోపలికి పోనివ్వకూడదు. చెక్క పైభాగాన్ని గట్టిపరచి, నూగు లేవకుండా నున్నగా ఉంచాలి. తర్వాత వచ్చే ప్రైమర్‌కీ (రంగుకి ముందు వేసే అడుగు కోటు), రంగుకీ పట్టు ఇవ్వాలి. ఈ మూడూ ఒకే డబ్బాలో సమానంగా దొరకవు. ఒక్క ఉదాహరణ చాలు. చెక్కలోకి తేమ పోకుండా ఏ పూత ఎంత ఆపుతుందో అమెరికా ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల వాళ్లు రకరకాల పూతలతో కొలిచి చూశారు. కరిగించి ముంచిన పారఫిన్ మైనం అందరికంటే ముందు నిలిచింది. మందంగా వేసిన రెండు భాగాల ఎపాక్సీ దాని వెనకే ఉంది. లిన్సీడ్ ఆయిల్ దాదాపు అడుగున పడింది. మరి లూర్లకి మైనం ఎందుకు పుయ్యరు? మైనం మీద రంగు నిలవదు కాబట్టి. మొదటి పనిలో ఫస్టు వచ్చింది మూడో పనిలో సున్నా. ఎవరైనా ఫలానా సీలర్ గొప్పదని చెబితే, ఏ పనికి గొప్పది అని అడగాలి.

చెక్కకి నీటితో పేచీ ఏమిటి

చెక్క అంటే పొడుగ్గా పేర్చిన సన్నని గొట్టాల కట్ట. బల్సా లాంటి తేలిక చెక్కలో ఘనపరిమాణంలో 90 శాతం దాకా గాలే ఉంటుంది. లూర్ తేలేది ఆ గాలి వల్లే. గొట్టాల గోడలు తేమని పీల్చుకుంటే ఉబ్బుతాయి. చెక్క పొడి బరువులో సుమారు 30 శాతం తేమ చేరేదాకా ఈ ఉబ్బు సాగుతుంది. ఆ తర్వాత చేరే నీరు గొట్టాల ఖాళీల్లో నిండుతుంది, బరువు పెరుగుతుంది గానీ ఉబ్బు పెరగదు.

ఉబ్బు అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడుగు వైపు లెక్కలోకి రానంత తక్కువ. అడ్డంగా మాత్రం కొన్ని శాతాలు ఉంటుంది. అందులోనూ వయసు వలయాల వెంట వచ్చే ఉబ్బు, వలయాలకు అడ్డంగా వచ్చే దానికి దాదాపు రెట్టింపు. అంటే తడిసిన లూర్ లావెక్కడమే కాదు, కొద్దిగా ఆకారం కూడా మారుతుంది. పైన గాజులా గట్టిగా ఉన్న క్లియర్ కోట్ అంత సాగదు. ముక్కు కింద ప్లాస్టిక్ రెక్కని, అంటే లిప్‌ని, దూర్చే గాడి మూల దగ్గరో, పొట్ట కింద హుక్ తగిలించే చోటో వెంట్రుక సన్నని పగులు వస్తుంది. ఆ పగులు ఇంకా నీటిని లోపలికి పిలుస్తుంది. అక్కడి నుంచి కథ అందరికీ తెలిసిందే.

రంగు లేవకముందే ఇంకో నష్టం జరిగిపోతుంది, అది కంటికి కనబడదు. 10 గ్రాముల లూర్ ఒక గ్రాము నీరు తాగిందంటే దాని బరువు పదో వంతు పెరిగినట్టే. పైకి తేలే రకమైతే కాస్త బద్ధకంగా తేలుతుంది, అంతే. నీటి మధ్యలో కదలకుండా నిలబడాలని లోపల పెట్టే సీసం బరువు లెక్క చూసుకుని చేసిన రకమైతే నేరుగా అడుక్కి పోతుంది. ఒక పక్కే తాగితే ఒరిగి ఈదుతుంది. ‘ఈ లూర్ మొదట్లో బాగా పట్టింది, ఇప్పుడేమో చేప ముట్టడం లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్నింటికైనా మూలం ఇదే.

దారి పక్కల నుంచి కాదు

అందరూ శ్రద్ధగా పూసేది లూర్ రెండు పక్కల మీద. చెక్క గొట్టాలు అక్కడ పడుకుని ఉంటాయి కాబట్టి ఆ వైపు నుంచి నీరు వెళ్లేది తక్కువ. నోరు తెరుచుకుని ఉండేది ముక్కు దగ్గర, తోక దగ్గర. అడ్డంగా కోసిన ఆ ముఖాలు నీటినీ, పూతనీ కూడా పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పీల్చేస్తాయి. పూత వేసిన ఐదు నిమిషాలకి చూస్తే పక్కలు మెరుస్తూ ఉంటాయి, ముక్కూ తోకా ఏమీ పూయనట్టు మొద్దుగా ఉంటాయి. పీల్చుకోవడం ఆగి మెరుపు నిలిచేదాకా ఆ రెండు చోట్లా మళ్లీ మళ్లీ పూయాల్సిందే.

అంతకంటే పెద్ద దారులు మనమే చేస్తాం. దారం కట్టే స్క్రూ ఐ (చివర రింగు ఉన్న స్క్రూ) రంధ్రం, హుక్కులు తగిలించే రంధ్రాలు, సీసం పెట్టిన గుంట, లిప్ గాడి. బయటంతా మూడు కోట్లు వేసి, తర్వాత డ్రిల్ తీసుకుని పచ్చి చెక్కలోకి రంధ్రం చేసి స్క్రూ ఐ బిగించామంటే, తలుపులన్నీ మూసి కిటికీ తెరిచినట్టే. పైగా చేప గుంజినప్పుడల్లా ఆ లోహం కొద్దిగా కదులుతుంది. దాని చుట్టూ ఉన్న రంగు మొదట అక్కడే విడిపోతుంది.

ఈ దారుల్లోంచి నీరు మెల్లగా ఊరుతుందని అనుకుంటాం. అసలు దెబ్బ అలా తగలదు. ఎండలో పెట్టెలో పడున్న లూర్ 50 డిగ్రీల దాకా వేడెక్కిందనుకోండి. లోపలి గాలి వ్యాకోచించి, సూది మొనంత సందు ఉన్నా బయటికి పోతుంది. దాన్ని తీసి 20 డిగ్రీల నీటిలోకి విసిరాం. మిగిలిన గాలి కుంచించుకుంటుంది, లోపలి పీడనం సుమారు 9 శాతం పడిపోతుంది. ఒక మీటరుకి కాస్త తక్కువ లోతున నీరు పెట్టే ఒత్తిడితో ఇది సమానం. లూర్ నీటి పైన తేలుతున్నా సరే, ఆ సందులోంచి నీటిని గట్టిగా లోపలికి లాగుతుంది. 10 ఘన సెంటీమీటర్ల బల్సా లూర్‌లో 9 దాకా గాలే అనుకుంటే, ఆ గాలి కుంచించుకున్న మేరకు 0.8 ఘన సెంటీమీటర్ల చోటు ఖాళీ అవుతుంది. చెక్కలోని గాలి అంతా ఒకదానితో ఒకటి కలిసి ఉండదు కాబట్టి అంత నీరూ రాదు. అందులో పావు వంతు వచ్చినా, ఎండాకాలమంతా రోజూ అదే జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే వేడి తిరగబడి ఇంకో పని కూడా చేస్తుంది. సందులు ఏమీ లేకుండా, కానీ తేమ ఉన్న చెక్కనే సీల్ చేశామనుకోండి. ఎండలో ఆ తేమ ఆవిరై బయటికి దారి వెతుక్కుంటుంది, పూతని బుడగలా లేపుతుంది. అందుకే సీలర్ ఏదైనా సరే, చెక్క ఆరి ఉండటం మొదటి షరతు. ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పలేం. నగల తూకానికి వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే రోజుకోసారి తూచండి. వరసగా రెండు మూడు రోజులు బరువు మారకపోతే, ఆ గది గాలికి తగ్గట్టు చెక్క ఆరినట్టే.

రెండు జాతుల పూతలు

బజారులో దొరికే పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. నిజానికి ఇవన్నీ రెండు జాతులే. ఒకటి, ద్రావకం ఎగిరిపోతే గట్టిపడేవి. రెండోది, రసాయన చర్యతో గట్టిపడేవి. ఈ తేడా తెలిస్తే సగం సందేహాలు తీరిపోతాయి.

మొదటి జాతిలో స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్, థిన్నర్‌తో వాడే శాండింగ్ సీలర్, అసిటోన్‌లో కరిగించిన సెల్యులోజ్ ప్రొపియోనేట్ గుళికలు వస్తాయి. ఆరిన తర్వాత కూడా వీటి మీద అదే ద్రావకం పడితే మళ్లీ మెత్తబడతాయి. ఇందులో లాభం ఉంది. రెండో కోటు మొదటి కోటుని కొద్దిగా కరిగించి దానిలో కలిసిపోతుంది, పొరలు విడివిడిగా లేచిపోయే బెడద తక్కువ. నష్టమూ అదే. పైన ఘాటైన థిన్నర్ ఉన్న రంగు మందంగా కొడితే కింద సీలర్ కదిలిపోతుంది. ద్రావకం ఎగిరిపోయాక మిగిలే పొర చాలా పలచన కాబట్టి కోట్లు ఎక్కువ కావాలి. లక్క పాలిష్ దాదాపు దేనికైనా అంటుకుంటుంది, దాని మీద దాదాపు ఏదైనా అంటుకుంటుంది. కానీ నీటిలో నానితే తెల్లబడుతుంది, కాబట్టి దాన్ని మధ్యవర్తిగా వాడుకోవడం మంచిది, కాపలాదారుగా కాదు. మైనం తీసేసిన లక్క అయితే పైన పాలీయురేథేన్ వార్నిష్ కూడా బాగా పడుతుంది.

ప్రొపియోనేట్‌కి ముందు తరం బంధువు ఒకటుంది. ఫిన్లాండ్‌లో చేపలు పట్టి బతికే లారి రాపాలా 1936లో కార్క్‌తో తన తొలి లూర్‌ని చెక్కి, చాక్లెట్ చుట్టే రేకు అతికించి, లక్కర్ కొనే స్తోమత లేక, పాత ఫోటో నెగటివ్‌లు కరిగించి పైన పూత వేశాడు. అప్పటి ఫోటో ఫిల్ములు సెల్యులోజ్‌తో చేసినవే. ఈ రోజు అసిటోన్ జాడీలో లూర్‌ని ముంచి తీసే మనిషి చేసేది అదే పని. దీని అందం ఏమిటంటే, ముంచగానే రంధ్రాల్లోకీ గాడిలోకీ కూడా వెళ్తుంది, నిమిషాల్లో ఆరుతుంది. పేచీ ఒక్కటే. లిప్‌లు చేసే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌ని అసిటోన్ పాడుచేస్తుంది. లిప్ బిగించాక ముంచారంటే ఆ లిప్ తెల్లగా మసకబారి, పెళుసెక్కి పగిలిపోతుంది. ముంచడమంతా అయ్యాకే లిప్.

రెండో జాతిలో ఎపాక్సీ, సూపర్ గ్లూ, లిన్సీడ్ లాంటి ఆరే నూనెలు, పాలీయురేథేన్ వార్నిష్ ఉంటాయి. ఇవి ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగవు. అందువల్ల పై కోటు కింది కోటులో కలవదు, దాని గరుకుని పట్టుకుని నిలబడుతుంది. పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీని 320 నంబరు శాండ్‌పేపర్‌తో మెరుపు చచ్చేలా రుద్దకుండా రంగు వేస్తే, గోరుతో గీకినా తొక్కలా వచ్చేస్తుంది. మరీ సన్న కాగితంతో అద్దంలా రుద్దినా పట్టు పోతుంది.

నూనె గురించి నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. అవిసె గింజల నూనె చెక్కలోకి లోతుగా వెళ్తుంది, నిజమే. లోతుగా వెళ్లడం వేరు, నీటిని ఆపడం వేరు. నీటిని ఆపేది పైన నిలిచే పొర, దాని మందం. నూనె పొర కట్టదు, లోపల మెత్తగా ఉండిపోతుంది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటానికి రోజులు కాదు, వారాలు తీసుకుంటుంది. తొందరపడి దాని మీద లక్కర్ కొడితే ముడతలు పడుతుంది. ఓపిక ఉండి, పూర్తిగా ఆరనిచ్చి, పైన మంచి పొర వేసేవాళ్లకి నూనె ఒక రెండో రక్షణ అవుతుంది. పై పొర పగిలినా చెక్క వెంటనే తాగదు. అంతవరకే. ఇంకో సంగతి: ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరేయండి, లేదా నీటిలో ముంచండి.

పలచని సూపర్ గ్లూ బల్సాకి పుట్టిన మందు. చుక్క వేయగానే లోపలికి పోయి, గోరు గుచ్చితే దిగిపోయే చెక్కని ప్లాస్టిక్‌లా గట్టిపరుస్తుంది. హుక్కుల మొనలు తగిలి పక్కల మీద పడే గీతలకి ఇది బాగా తట్టుకుంటుంది. గట్టి చెక్కకి ఇది దండగ, లోపలికి పోదు. దాని పొగ కళ్లని మండిస్తుంది, గాలి ఆడే చోటే పని పెట్టుకోవాలి. నూలు గుడ్డతో మాత్రం పూయకండి. నూలుకి తగిలితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, చెయ్యి కాలుతుంది.

ఎపాక్సీతో అసలు చిక్కు

నన్ను అడిగితే, సీలర్ మొదటి పనికి, అంటే నీటిని ఆపడానికి, ఎపాక్సీకే ఓటు వేస్తాను. ఆరేటప్పుడు దాదాపు ఏమీ ఎగిరిపోదు కాబట్టి పూసిన మందం పూసినట్టే నిలుస్తుంది. కానీ దానితో పడే అవస్థలు కూడా తెలిసి ఉండాలి.

మొదటిది బుడగలు. పూసిన అరగంటకి పక్కల మీద చిన్న చిన్న గుంటలు, వాటి అంచున పగిలిన బుడగ గుర్తులు కనిపిస్తాయి. కలిపేటప్పుడు చేరిన గాలి అనుకుని మెల్లగా కలపడం మొదలుపెడతారు, అయినా తగ్గవు. ఆ గాలి చెక్కలోంచి వస్తోంది. పొద్దున్నే చల్లగా ఉన్న చెక్క మీద పూసి పెడితే, ఎండ ఎక్కే కొద్దీ గదీ చెక్కా వేడెక్కి, గొట్టాల్లోని గాలి వ్యాకోచించి తడి ఎపాక్సీని చీల్చుకుని బయటికి వస్తుంది. ఇందాక నీటిని లోపలికి లాగిన సూత్రమే ఇది, తిరగేసి వాడుకుంటే మనకే పనికొస్తుంది. చెక్కని ముందు గోరువెచ్చగా చేయండి. వేడి తగిలించడం ఆపి, అది చల్లారుతున్నప్పుడు పూయండి. లోపలి గాలి కుంచించుకుంటూ ఎపాక్సీనే లోపలికి లాక్కుంటుంది. వెచ్చని చెక్క తగిలి ఎపాక్సీ కూడా పలచబడుతుంది, పాకడం సులువవుతుంది. కాకపోతే త్వరగా గట్టిపడుతుంది, కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకోవాలి.

రెండోది, పలచన చేయడం. స్పిరిట్టో అసిటోనో కలిపితే ఎపాక్సీ నీళ్లలా మారి లోపలికి పోతుంది, చూడ్డానికి తృప్తిగా ఉంటుంది. ఆ ద్రావకం మళ్లీ బయటికి పోవాలి. పోతూ పోతూ సన్నని దారులు వదులుతుంది, పూర్తిగా పోకపోతే ఎపాక్సీ మెత్తగా మిగులుతుంది. కాబట్టి పలచన చేసిందాన్ని కావాలంటే మొదటి కోటుగా వాడండి. కాపలా కాసే కోటు మాత్రం ఏమీ కలపనిదే అయ్యుండాలి.

మూడోది కంటికి కనబడని జిడ్డు. తేమగా, చల్లగా ఉన్న రోజున కొన్ని రకాల ఎపాక్సీ గట్టిపడేటప్పుడు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన మైనంలాంటి పొర కడుతుంది. దాని మీద రంగు వేస్తే చేప కళ్లలాంటి గుండ్రని ఖాళీలు పడతాయి. శాండ్‌పేపర్‌తో ముందే రుద్దితే జిడ్డు ఇంకా లోపలికి అదుముకుంటుంది. ముందు నీటితో, గరుకు స్క్రబ్బర్‌తో కడగాలి. అది నీటిలో కరిగిపోతుంది. ఆరిన తర్వాతే రుద్దడం.

ఇంకొకటి, పదునైన అంచులు. వీపు గట్టు, మొప్పల గాడి అంచు లాంటి చోట్ల ఏ ద్రవమైనా వెనక్కి జరిగి పలచబడుతుంది. మనం శాండ్‌పేపర్ పట్టినప్పుడు మొదట అరిగేది కూడా అక్కడే. రుద్దాక వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తే ఆ అంచు వెంట పచ్చి చెక్క సన్నని గీతలా, మొద్దుగా కనిపిస్తుంది. చెక్కేటప్పుడే అంచుల్ని కొద్దిగా గుండ్రం చేయడం, రుద్దాక ఇంకో పలచని కోటు వేయడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు. ఎపాక్సీ పని చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. చర్మానికి ఒకసారి అలర్జీ పట్టుకుంటే ఇక వదలదు.

ఏది ముందు, ఏది వెనక

వస్తువు ఎంపిక కంటే వరసే ఎక్కువ లూర్లని పాడుచేస్తుంది. చెక్కి, రుద్ది, రంధ్రాలు, గాడి, సీసం గుంట అన్నీ సీలర్‌కి ముందే కోసేయాలి. నీటి ఆధారిత రంగులు వాడేవాళ్లు తడి గుడ్డతో ఒకసారి తుడిచి, నూగు లేవనిచ్చి, బాగా ఆరాక 320తో కోసేస్తే తర్వాత లేచేది చాలా తక్కువ. అప్పుడు సీలర్, రంధ్రాల లోపల కూడా. సన్న పుల్లతోనో, సిరంజితోనో లోపలికి పంపొచ్చు. ఆ తర్వాత సీసం, లిప్, స్క్రూ ఐలు ఎపాక్సీ అద్ది బిగించాలి. తేలే తీరు చూసుకోవడానికి టబ్బులో వేసేది దీని తర్వాతే. పచ్చి చెక్కని నీటిలో వేసి సీసం లెక్క చూసుకుంటే, నీటితోపాటు లెక్క కూడా చెక్కలోకి ఇంకిపోతుంది. పైగా ఇంకా వేయాల్సిన రంగుల, క్లియర్ కోట్ బరువు ఉంటుంది, దానికి కొంచెం చోటు వదలాలి.

ప్రైమర్ డబ్బా మూత తీసే ముందు ఒక పరీక్ష పెట్టండి. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసే పద్ధతే. సీల్ చేసిన లూర్‌ని చెయ్యి పెట్టగలిగేంత వేడి నీటిలో పూర్తిగా ముంచి పట్టుకోండి. పైన అంటుకున్న బుడగలు వేలితో తుడిచేయండి. ఒకే చోటు నుంచి బుడగలు వరసగా వస్తున్నాయంటే సందు అక్కడే. చాలాసార్లు పొట్ట హుక్ మొదట్లోనో, లిప్ గాడి మూలలోనో కనిపిస్తుంది. లూర్ ఇంకా వెచ్చగా ఉండగానే బయటికి తీసి తుడవాలి. నీటిలోనే చల్లారనిస్తే అదే సందులోంచి నీరు తాగేస్తుంది. చోటు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆరాక ఒక చుక్క పూయండి.

ఇంకా నమ్మకం కావాలంటే తూకం ఉంది. సీల్ చేసిన లూర్‌ని తూచి, బరువు రాసుకుని, రాత్రంతా నీటిలో బరువు కట్టి ముంచి, పొద్దున తుడిచి మళ్లీ తూచాలి. కాటా మీద గ్రాముల్లో రెండో దశాంశం కదిలితే పట్టించుకోనక్కర్లేదు, ఏ పూతా తేమని నూటికి నూరు శాతం ఆపదు. మొదటి దశాంశం కదిలితే మాత్రం రంగు వేసే రోజు ఇంకా రాలేదు. అన్ని పూతలూ అయ్యాక, హుక్కులు తగిలించకముందు, చివరి బరువు కూడా ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

ఆ అంకె ముఖ్యంగా అక్కరకొచ్చేది మరమ్మతు రోజున. పంటి గాటు పడో, రాయికి కొట్టుకునో పూత పగిలిన లూర్‌ని చూడగానే పైన ఒక చుక్క సూపర్ గ్లూ వేసి మూసేయాలనిపిస్తుంది. అలా మూస్తే లోపలి నీరు లోపలే ఉండిపోతుంది, వచ్చే ఎండకి ఆ పక్కనే కొత్త బుడగ లేస్తుంది. హుక్కులు విప్పి, పగిలిన చోట లేచిన రంగుని చెక్క కనిపించేదాకా గీకి, నీడలో గాలి తగిలే చోట వేలాడదీయండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ పట్టొద్దు. రోజూ తూస్తూ ఉంటే బరువు తగ్గుతూ వస్తుంది, సందు చిన్నదైతే వారం పైనే పట్టొచ్చు. గీకేసిన రంగు పోగా, రాసిపెట్టుకున్న బరువుకి దగ్గరగా వచ్చి అక్కడే ఆగిందంటే లోపల ఆరినట్టు. సీలర్ మళ్లీ పట్టేది అప్పుడే.